సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో దొంగ విండోస్: షాపువాడు మళ్ళీ 500 అడుగుతున్నాడు, ఏం చేయాలి?

కదిరి కుర్రోడు
24 అక్టోబర్ 2025, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదివి వెళ్ళిపోయే రకం నేను. రాయడం ఇదే మొదటిసారి.

ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో, ఊరు కదిరి. చెల్లెలు అక్కడే డిగ్రీ రెండో ఏడు. దానికని ఉగాది ముందు రోజు, అంటే మార్చి 29న, ఎస్‌పీ రోడ్‌కి వెళ్ళి సెకండ్ హ్యాండ్‌లో డెల్ లాటిట్యూడ్ 5490 తీసుకున్నా. ఐ5 ఎనిమిదో తరం, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఏదో కంపెనీ వాళ్ళు లాట్‌గా వదిలించుకున్న సరుకు. 18,500 దగ్గర మొదలై 16,000 దగ్గర బేరం కుదిరింది. విండోస్ ఒరిజినలేనా అని రెండుసార్లు అడిగా. ‘ఫుల్ ఒరిజినల్ సార్, లైఫ్‌టైమ్’ అన్నాడు.

సరిగ్గా ఆరు నెలలు బాగుంది. దసరా సెలవుల ముందు నుంచి స్క్రీన్ మీద కుడివైపు కింద ‘యాక్టివేట్ విండోస్’ అని బూడిదరంగు అక్షరాలు. వాల్‌పేపర్ కూడా పోయి నల్లగా మారిపోయిందట. దీపావళికి ఊరెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకున్నా. నిన్న షాపుకి వెళ్తే, ‘ఐనూరు కొడి (ఐదొందలు ఇవ్వండి) సార్, ఐదు నిమిషాల్లో మళ్ళీ లైఫ్‌టైమ్ వేసిస్తా’ అన్నాడు. ఎవరి లైఫ్‌టైమ్ అని అడగాలనిపించింది, అడగలేదు.

చెల్లెలు దీంట్లోనే స్కాలర్‌షిప్ కోసం జ్ఞానభూమి పోర్టల్ తెరుస్తుంది, నాన్న బ్యాంకు లాగిన్ కూడా చేస్తుంది. అదీ నా టెన్షన్. 500 పడేసి వేయించుకోవడమా, కొత్త లైసెన్స్ కొనడమా? నవంబర్ 2 ఆదివారం బస్సుకి ల్యాప్‌టాప్ ఊరు చేరాలి.

రాత్రి డ్యూటీ
24 అక్టోబర్, రాత్రి 10:58

ఐదొందలు ఇచ్చేయ్ తమ్ముడూ, ఇంత ఆలోచన ఎందుకు? మా పీజీలో ఆరు ల్యాప్‌టాప్‌లుంటే ఆరూ ఇలాంటివే. ఇంతవరకు ఎవర్నీ పోలీసులు పట్టుకెళ్ళలేదు. మొన్న నాలుగో ఫ్లోర్ వాణ్ణి పట్టుకెళ్ళారు గానీ అది బుల్లెట్ సైలెన్సర్ గొడవ.

పెంగ్విన్ బాబాయ్
24 అక్టోబర్, రాత్రి 11:20

విండోస్ తీసేసి లైనక్స్ మింట్ వెయ్యి అబ్బాయ్, అదీ విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే. పైసా ఖర్చు లేదు, లైసెన్స్ గోల లేదు. బ్రౌజరు, లిబ్రెఆఫీస్, తెలుగు టైపింగ్ అన్నీ వస్తాయి. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు. మా ఇంట్లో మా అత్తగారు కూడా మింటే వాడుతున్నారు.

అక్షరాల అక్క
24 అక్టోబర్, రాత్రి 11:31

బాబాయ్ గారూ, ఏ థ్రెడ్‌లో చూసినా మీ అత్తగారు వచ్చేస్తున్నారు. ఆవిడ పాపం చూసేది యూట్యూబే కదా. నాలాగా పెళ్ళికార్డులు వేసేవాళ్ళ మాటేమిటి? పాతికేళ్ళ నుంచి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన ఫైళ్ళున్నాయి నా దగ్గర. పార్టీ వచ్చి ‘పెద్దమ్మాయి కార్డులాగే చిన్నమ్మాయికీ వేయండి’ అంటే ఆ పాత ఫైలే తెరవాలి. లైనక్స్‌లో తెరిస్తే అక్షరాలు గజిబిజి అయిపోతాయి.

కానీ కదిరి తమ్ముడి చెల్లెలికి ఆ బాధ లేదు కాబట్టి మింట్ మంచి మాటే.

పాత ఇనుము
25 అక్టోబర్, ఉదయం 7:15

కదిరి కుర్రోడూ, ఆగు. డబ్బూ ఇవ్వొద్దు, ఇంకేదీ ఎక్కించొద్దు. ముందు నీ పెట్టెలో ఏముందో చూడు.

నేను నాలుగేళ్ళు ఇలాంటి షాపు వెనకగదిలోనే పనిచేశాను, అందుకే చెబుతున్నా. కంపెనీల నుంచి లాట్ వస్తుంది, నలభయ్యో అరవయ్యో. డేటా బయటికి పోకూడదని కంపెనీ వాళ్ళు డిస్క్ పూర్తిగా తుడిచేస్తారు, లేదంటే పీకేసుకుని పంపుతారు. మా చేతికి వచ్చేసరికి లోపల విండోస్ ఉండదు. సాయంత్రంలోగా అన్నీ కౌంటర్ మీదికి రావాలి. అందుకని ఒకదాంట్లో విండోస్, ఆఫీస్, ఫొటోషాప్, వీఎల్‌సీ అన్నీ ఎక్కించి, దొంగ యాక్టివేటర్ (లైసెన్స్ లేకపోయినా ఉన్నట్టు నమ్మించే ప్రోగ్రాము) కొట్టి, ఆ డిస్క్‌కి నకలు తీసి మిగతా వాటన్నింట్లో దించేస్తాం. ఒక్కోదానికి పది నిమిషాలు. దేంట్లో అసలు లైసెన్స్ ఉంది, దేంట్లో లేదు అని చూసే ఓపిక ఎవరికీ ఉండదు. అడిగిన కస్టమర్ కూడా లేడు. ‘ఒరిజినలేనా’ అంటారు, ‘ఒరిజినలే’ అంటాం, అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి, విండోస్‌తో అమ్మిన పెద్ద బ్రాండ్ల ల్యాప్‌టాప్‌లకు 25 అక్షరాల లైసెన్స్ కీని మదర్‌బోర్డు మీద ఉండే బయోస్ చిప్‌లోనే రాసి పంపుతున్నారు. అడుగున స్టిక్కర్ మీద కీ అచ్చేసే పద్ధతి విండోస్ 7తో పోయింది. డిస్క్ తుడిచినా, మార్చినా, చిప్‌లో ఉన్న కీ ఎక్కడికీ పోదు. లాటిట్యూడ్‌లు కంపెనీలకు అమ్మే రకం కాబట్టి ఎక్కువ వాటిలో ప్రో (ఆఫీసుల వాడకానికి అమ్మే విండోస్ ఎడిషన్) కీ ఉంటుంది. నీ దాంట్లో ఉందో లేదో తెలియదు, చూడాలి.

ముందు ఇప్పుడున్నది ఏ రకమో తేల్చుకో. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి డీఎల్‌వీ అని కొట్టు. చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. దాంట్లో పేరు, డిస్క్రిప్షన్, లైసెన్స్ స్టేటస్, ఈ మూడూ ఇక్కడ రాయి.

కదిరి కుర్రోడు
25 అక్టోబర్, మధ్యాహ్నం 1:05

అన్నా, చాలా థాంక్స్. చూశాను. పేరు దగ్గర విండోస్, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ అని ఉంది. డిస్క్రిప్షన్‌లో వాల్యూమ్ కేఎంఎస్‌క్లయింట్ చానల్. స్టేటస్ దగ్గర నోటిఫికేషన్. ఇంకా కింద కేఎంఎస్ మెషిన్ నేమ్ అని ఏదో వెబ్‌సైట్ అడ్రస్ లాంటిది ఉంది. నాకు తెలిసిన పేరు కాదు.

పాత ఇనుము
25 అక్టోబర్, మధ్యాహ్నం 1:40

నేననుకున్నదే.

ఎంటర్‌ప్రైజ్ అనేది మనలాంటి వాళ్ళకు విడిగా దొరికే సరుకే కాదు. కంపెనీలు మొత్తంగా ఒప్పందం చేసుకుని తీసుకుంటాయి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఆ మాట కనబడిందంటే అక్కడే అనుమానించాలి. ఆ ఒప్పందం కంపెనీది, ల్యాప్‌టాప్‌తో పాటు నీకు రాదు.

కేఎంఎస్ అంటే కంపెనీ లోపల పెట్టుకునే యాక్టివేషన్ సర్వర్. ఆఫీసులో కంప్యూటర్లన్నీ విడివిడిగా మైక్రోసాఫ్ట్‌ను అడగకుండా ఆ సర్వర్‌ను అడుగుతాయి. అది ‘సరే’ అంటే 180 రోజులు చెల్లుతుంది. వారానికోసారి మళ్ళీ అడిగి గడువు పొడిగించుకుంటూ ఉంటాయి. ఆ సర్వర్ పనిచేయాలంటే కనీసం 25 కంప్యూటర్లు ఉండాలి. నువ్వున్నది పీజీలో, చెల్లెలున్నది కదిరిలో. మరి నీ ల్యాప్‌టాప్ ఎవర్ని అడుగుతోంది? షాపువాడు ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన దొంగ సర్వర్ పేరు ఇచ్చాడు. అది మూతపడి ఉంటుంది. మార్చి 29 నుంచి 180 రోజులు లెక్కేస్తే సెప్టెంబర్ 25. దసరా ముందు అన్నావు, సరిపోయింది. అదీ నీ లైఫ్‌టైమ్.

ఇప్పుడు చిప్‌లో చూద్దాం. పవర్‌షెల్ తెరువు. సాఫ్ట్‌వేర్‌లైసెన్సింగ్‌సర్వీస్ అనే క్లాస్‌లో ఓఏ3ఎక్స్ఒరిజినల్‌ప్రొడక్ట్‌కీ అని ఒక విలువ ఉంటుంది. అది చదివే లైను నీకు మెసేజ్‌లో పంపాను. కొడితే 25 అక్షరాలు రావాలి, లేదా ఖాళీగా రావాలి. ఖాళీ అయితే మళ్ళీ మాట్లాడుకుందాం.

బేరాల రాణి
25 అక్టోబర్, మధ్యాహ్నం 2:22

ఆన్‌లైన్‌లో 399కి ప్రో కీ అమ్ముతారు, పోయినేడాది నేను కొన్నాను. మెయిల్‌లో వెంటనే వచ్చింది, యాక్టివేట్ కూడా అయింది. నాలుగు నెలలకు ఒక పొద్దున చూస్తే పోయింది. అమ్మినవాడి పేజీ కూడా పోయింది. చెప్పి ఉంచుతున్నా, ఎవరైనా ఆ దారి చూస్తుంటే ఆగండి.

పాత ఇనుము
25 అక్టోబర్, మధ్యాహ్నం 2:35

రాణిగారూ, అమెరికాలో విండోస్ 11 హోమ్ 139 డాలర్లు, ప్రో 199. అది ఎక్కడో 399 రూపాయలకు దొరుకుతోందంటే ఏదో కంపెనీ పేరిట ఇచ్చిన వాల్యూమ్ కీని వందమందికి పంచి అమ్ముతున్నారనే. మైక్రోసాఫ్ట్ దాన్ని బ్లాక్ చేసిన రోజున వందమందిదీ ఒకేసారి పోతుంది. 500కి కొట్టే షాపువాడికీ వీడికీ తేడా ఏమిటంటే, షాపువాడి అడ్రస్ మనకు తెలుసు.

కదిరి కుర్రోడు
25 అక్టోబర్, సాయంత్రం 6:48

వచ్చింది అన్నా! వచ్చింది! కింద ఫొటో చూడండి.

[ఫొటో తొలగించబడింది]

మోడరేటర్
25 అక్టోబర్, సాయంత్రం 6:55

ఫొటోలో 25 అక్షరాలూ స్పష్టంగా కనబడుతున్నాయి బాబూ, అందుకే తీసేశాను. ఏటీఎం పిన్ గోడమీద రాసుకున్నట్టే ఇది. ఏడు నిమిషాలే ఉంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదనుకుంటున్నా. అలాగే క్రాక్ లింకులు అడగడం, ఇవ్వడం ఇక్కడ కుదరదని మిగతావాళ్ళకు గుర్తుచేస్తున్నా. నాకు మెసేజ్‌లో అడిగిన ఇద్దరికీ కూడా.

పాత ఇనుము
25 అక్టోబర్, రాత్రి 7:30

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టైంది నీ పని. డబ్బు కట్టి కొన్న ప్రో లైసెన్స్ ఏడెనిమిదేళ్ళుగా ఆ చిప్‌లోనే కూర్చుని ఉంది. మొదట కొన్న కంపెనీ ల్యాప్‌టాప్ ధరలోనే దానికీ కట్టేసింది. ఇలా మిషన్‌తో వచ్చిన లైసెన్స్ మిషన్‌తోనే చేతులు మారుతుంది. అది నీ చేతికి వచ్చింది కాబట్టి ఇప్పుడు నీదే. షాపువాడు దాని మీద దొంగది పరిచి, ఇప్పుడు రెండోసారి దొంగది పరచడానికి 500 అడుగుతున్నాడు.

రాత్రి డ్యూటీ
25 అక్టోబర్, రాత్రి 8:10

ఓహో. అయితే ఆ కీని అక్కడే కొట్టేస్తే పని అయిపోయింది కదా? మొత్తం ఫార్మాట్ ఎందుకు?

పాత ఇనుము
25 అక్టోబర్, రాత్రి 8:44

మొదటిది, ఎక్కించింది ఎంటర్‌ప్రైజ్, కీ ప్రోది. అలా నేరుగా కుదరకపోవచ్చు. ఒకవేళ కుదిరినా నేనైతే ఆ విండోస్‌ను ఉంచను.

కదిరి కుర్రోడూ, ఒక పని చెయ్యి. విండోస్ సెక్యూరిటీ తెరిచి వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి, అడుగున ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది, అక్కడ ఏముందో చూడు.

కదిరి కుర్రోడు
25 అక్టోబర్, రాత్రి 9:02

ఒకే ఒక్క లైను ఉంది. ఫోల్డర్ అని ఉండి, కింద సీ డ్రైవ్ పేరు. అంతే.

అంటే?

పాత ఇనుము
25 అక్టోబర్, రాత్రి 9:11

అంటే సీ డ్రైవ్‌లో ఏమున్నా చూడొద్దని డిఫెండర్‌తో, అంటే విండోస్‌తో వచ్చే యాంటీవైరస్‌తో, చెప్పారు. నీకున్నది ఒకే డిస్క్. ఇంటికి వాచ్‌మన్‌ను పెట్టి, వాడి కళ్ళకు గంతలు కట్టి, బయట కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు. స్క్రీన్ మీద మాత్రం పచ్చ టిక్కు కనబడుతూనే ఉంటుంది.

యాక్టివేటర్‌ను డిఫెండర్ పట్టేస్తుందని షాపుల్లో ఇలా చేస్తారు, మేమూ చేసేవాళ్ళం. ఆ యాక్టివేటర్ ఎక్కడి నుంచి దించుకున్నామో మాకే తెలియదు. ఎవరో తమిళ కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు, అది షాపుల మధ్య తిరిగేది. దాంతో పాటు ఇంకేం తిరిగిందో ఎవరు చూశారు? ఏమీ లేకపోవచ్చు. కానీ నీ చెల్లెలు దాంట్లో మీ నాన్న బ్యాంకు తెరుస్తోంది.

అందుకని వేరే కంప్యూటర్ నుంచి గానీ ఫోన్ నుంచి గానీ ముందు పాస్‌వర్డ్‌లు మార్చండి. బ్యాంకు, మెయిల్, పోర్టల్ మూడూ. తర్వాత ఫొటోలూ నోట్సూ మాత్రం బయటికి తీసుకో, డౌన్‌లోడ్ చేసిన ప్రోగ్రాములు తీసుకోవద్దు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ నేరుగా దించుకుని, నమ్మకమైన కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చెయ్యి. విండోస్ 11దే చెయ్యి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఈ నెల 14తో అయిపోయింది. నీది ఎనిమిదో తరం కాబట్టి 11కి అర్హత ఉంది. విండోస్ 10 ప్రో కీతోనే 11 ప్రో కూడా యాక్టివేట్ అవుతుంది.

ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 కొడితే పెన్‌డ్రైవ్ ఎంచుకునే మెనూ వస్తుంది. డిస్క్ చూపించినప్పుడు పాత పార్టిషన్లన్నీ డిలీట్ చేసేయ్. కీ అడగదు, చిప్‌లోంచి తానే చదువుకుని ప్రో ఎంచుకుంటుంది.

కోర్టు పక్షి
26 అక్టోబర్, ఉదయం 9:20

పోలీసుల మాట ఎత్తారు కాబట్టి. నేను లాయర్ని కాను, లాయర్ దగ్గర గుమస్తాని. అయినా ఈ సెక్షన్ నోటికొచ్చు.

1957 కాపీరైట్ చట్టంలో 63బీ. 1994 సవరణలో చేర్చారు. నకిలీ అని తెలిసి కూడా ఆ కాపీ ప్రోగ్రామును కంప్యూటర్‌లో వాడితే కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 3 ఏళ్ళు జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికో లాభానికో కాకుండా వాడారని తేలితే కోర్టు తగిన కారణాలు రాసి, జైలు లేకుండా 50,000కు మించని జరిమానాతో సరిపెట్టవచ్చు.

‘తెలిసి’ అన్న మాటే ఇక్కడ కీలకం. కదిరి కుర్రోడికి మొన్నటి దాకా తెలియదు. ఈ థ్రెడ్ పుణ్యమా అని ఇప్పుడు తెలిసింది. రాత్రి డ్యూటీ గారికి, ఆయన పీజీలో ఆరుగురికీ మొదటి నుంచే తెలుసు, పైగా రాసిచ్చారు కూడా.

రాత్రి డ్యూటీ
26 అక్టోబర్, ఉదయం 11:40

సార్ సార్, అది సరదాకి అన్నాను.

లెక్కల మాస్టారు
26 అక్టోబర్, మధ్యాహ్నం 12:15

వ్యాపారం అన్నారు కాబట్టి నా గోడు. హోసూరు రోడ్డులో చిన్న హార్డ్‌వేర్ సామాన్ల గోడౌన్, అక్కడ నేను లెక్కలు రాస్తాను. ట్యాలీ లైసెన్స్ కొన్నదే, బిల్లు కూడా ఉంది. అది నడిచే విండోస్ 10 మాత్రం అలాంటిదేనని ఇప్పుడే తేలింది, పైన చెప్పిన కమాండ్ కొట్టి చూశాను, కేఎంఎస్ అనే వచ్చింది. పెట్టె నాలుగో తరం ఐ3. పక్కన విండోస్ 7 స్టిక్కర్ ఉంది, అక్షరాలు సగం చెరిగిపోయాయి. పవర్‌షెల్‌లో కొడితే ఖాళీగా వచ్చింది. మా సేటుకి ఏమని చెప్పాలి?

పాత ఇనుము
26 అక్టోబర్, మధ్యాహ్నం 3:30

మాస్టారూ, విండోస్ 7 కీతో 10ని యాక్టివేట్ చేసుకునే దారి 2023 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ మూసేసింది. అంతకుముందే ఎప్పుడైనా ఆ పెట్టె మీద అసలు విండోస్ 10 యాక్టివేట్ అయి ఉంటే ఆ లెక్క మైక్రోసాఫ్ట్ దగ్గర ఆ మదర్‌బోర్డు పేరున ఉంటుంది. కొత్తగా ఎక్కిస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. మదర్‌బోర్డు మార్చారా ఎప్పుడైనా?

లెక్కల మాస్టారు
26 అక్టోబర్, మధ్యాహ్నం 3:52

లాక్‌డౌన్ తర్వాత తెరిచినప్పుడు మార్చాం. ఎలుక వైర్లు కొరికేసింది.

పాత ఇనుము
26 అక్టోబర్, సాయంత్రం 4:05

అయితే ఆ ఆశ వదిలేయండి. పాత పెట్టె కోసం లైసెన్స్ మాత్రం కొనొద్దు. నాలుగో తరానికి విండోస్ 11 అర్హత లేదు, 10 గడువు అయిపోయింది. చిల్లుకుండకు కళాయి వేయించినట్టే. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి, చిప్‌లో కీ ఉన్న ఎనిమిదో తరం పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్ తీసుకోమనండి. కొనేముందు షాపులోనే పవర్‌షెల్ తెరిపించి చూడండి. మైక్రోసాఫ్ట్ గుర్తింపు ఉన్న రిఫర్బిషర్లు (పాతవి బాగుచేసి అమ్మేవాళ్ళు) పాత మిషన్లకు కొత్త లైసెన్స్ వేసి, లేబుల్ అంటించి అమ్ముతారు, అలాంటిదైనా సరే. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. జీఎస్టీ పడుతుందని సేటు గొణుగుతాడు, గొణగనివ్వండి.

పెంగ్విన్ బాబాయ్
26 అక్టోబర్, సాయంత్రం 4:40

గోడౌన్‌లో మిగతా పనికి ఆ ఐ3 పెట్టె మీద మింట్ వేస్తే ఇంకో ఐదేళ్ళు లాగుతుంది. ట్యాలీ మాత్రం దాని మీద నేరుగా నడవదు, అది ఒప్పుకుంటున్నా. మా అత్తగారికి ట్యాలీ అవసరం లేదు.

అక్షరాల అక్క
26 అక్టోబర్, సాయంత్రం 5:10

నాదీ అడిగేస్తున్నా. కీ అసలుదే, పవర్‌షెల్‌లో వచ్చింది, యాక్టివేట్ అయ్యే ఉంది. కానీ మిషన్ ఆరో తరం. 11కి అర్హత లేదంటోంది. ఈ పెళ్ళిళ్ళ సీజన్‌లో నేను మిషన్ మార్చలేను.

పాత ఇనుము
26 అక్టోబర్, సాయంత్రం 5:25

మీకు తొందర లేదక్కా. సెట్టింగ్స్‌లో అప్‌డేట్స్ పేజీ తెరవండి, ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరే లింకు ఉంటుంది. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి. సెట్టింగ్స్ బ్యాకప్ సింక్ చేస్తే ఉచితం. 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఈలోగా రెండు మూఢాలు దాటిపోతాయి.

కదిరి కుర్రోడు
29 అక్టోబర్, రాత్రి 11:50

అయిపోయింది. కానీ చెప్పినంత సులువుగా అవలేదు, రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

పెన్‌డ్రైవ్ ఆఫీసు ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో చేశా. ఎఫ్12 మూడోసారికి పడింది, మొదటి రెండుసార్లు ఆలస్యంగా కొట్టాను. డిస్క్ దగ్గర నాలుగు పార్టిషన్లు చూపించింది. డిలీట్ నొక్కుతుంటే చెయ్యి వణికింది, అన్నీ కాపీ చేశానా లేదా అని మళ్ళీ ఆపి, వెనక్కి వెళ్ళి చూసుకుని వచ్చా. అన్న చెప్పినట్టే కీ అడగలేదు, ఏ ఎడిషన్ అని కూడా అడగలేదు.

అసలు చిక్కు నెట్ దగ్గర వచ్చింది. సెటప్ మధ్యలో నెట్ కావాలంటుంది. మా పీజీ వైఫై కనెక్ట్ అయ్యాక బ్రౌజర్‌లో రూమ్ నంబరూ పాస్‌వర్డూ కొట్టాలి. సెటప్‌లో ఆ పేజీ తెరుచుకోలేదు. గంటసేపు అక్కడే గుడుగుడు తిరిగింది. ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే అప్పుడు కదిలింది. నా రోజు డేటా అంతా అయిపోయింది, అది వేరే సంగతి.

డెస్క్‌టాప్ వచ్చాక యాక్టివేషన్ పేజీ తెరిచా. యాక్టివ్ అని ఉంది. ఎస్‌ఎల్‌ఎంజీఆర్ కొడితే ఈసారి ఓఈఎం_డీఎం చానల్ అని, అంటే మిషన్‌తో వచ్చిన లైసెన్సేనని, వచ్చింది. ఎక్స్‌క్లూజన్స్ ఖాళీ. ఆఫీస్ లేదు కాబట్టి ప్రస్తుతానికి లిబ్రెఆఫీస్ వేశా (బాబాయ్, మీ మాట సగం విన్నట్టే), కాలేజీ వాళ్ళు వర్డ్ ఫైలే కావాలంటే బ్రౌజర్‌లో ఉచితంగా వచ్చే వర్డ్ ఉంది.

ఖర్చు: కొత్త పెన్‌డ్రైవ్ 450.

రాత్రి డ్యూటీ
30 అక్టోబర్, తెల్లవారుజాము 4:35

షిఫ్ట్‌లో ఉన్నాను, పని లేదు. కదిరి తమ్ముడిది చూసి నాకూ పౌరుషం వచ్చింది. నా దాంట్లోనూ చిప్‌లో ప్రో కీ ఉంది. నిన్న పొద్దున మొత్తం తుడిచేసి విండోస్ 11 ఎక్కించా. అంతా బాగానే పోయి, నెట్ తగిలించగానే ఒక కంపెనీ లోగో వచ్చి, స్వాగతం, మీ ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అవ్వండి అంటోంది. పేరు ఇక్కడ రాయను, అందరూ విన్న కంపెనీయే. నేను అక్కడ ఎప్పుడూ పనిచేయలేదు. ఇంటర్వ్యూకి వెళ్ళాను, ఫెయిలయ్యాను.

ఇప్పుడేంటి? మళ్ళీ ఫార్మాట్ చేయనా?

పాత ఇనుము
30 అక్టోబర్, ఉదయం 7:05

నవ్వకూడదు గానీ నవ్వొచ్చింది.

ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా అదే వస్తుంది. దాన్ని ఆటోపైలట్ అంటారు. కంపెనీ ఈ ల్యాప్‌టాప్ హార్డ్‌వేర్ గుర్తును మైక్రోసాఫ్ట్ దగ్గర తన పేరున నమోదు చేసి ఉంటుంది. అమ్మేసేటప్పుడు ఆ పేరు తీసేయాలి. మర్చిపోయి ఉంటారు, లేదంటే ఈ మిషన్ అమ్మకానికి వెళ్ళాల్సిందే కాదేమో. షాపులో నెట్ తగిలించకుండా సెటప్ చేస్తారు, లేదా నకలు దించేస్తారు కాబట్టి కొనేటప్పుడు బయటపడదు.

దీన్ని తప్పించుకునే చిట్కాలు నెట్‌లో దొరుకుతాయి, నేను చెప్పను. పేరు తీయాల్సింది కంపెనీయే. షాపుకి పట్టుకెళ్ళి స్క్రీన్ చూపించి, లాట్ ఇచ్చిన వాళ్ళతో తీయిస్తావా, మిషన్ మారుస్తావా అని అడుగు. బిల్లు ఉందా?

రాత్రి డ్యూటీ
30 అక్టోబర్, ఉదయం 8:20

బిల్లు లేదు. విజిటింగ్ కార్డు వెనక 14,500 అని రాసిచ్చాడు. ఫోన్‌పేలో కట్టిన రుజువు ఉంది.

కోర్టు పక్షి
30 అక్టోబర్, ఉదయం 9:45

ఫోన్‌పే రుజువు, కార్డు, ఆ లోగో ఉన్న స్క్రీన్ ఫొటో, మూడూ ప్రింట్ తీసుకుని వెళ్ళండి. కంపెనీకి మెయిల్ పెట్టి, ఈ సీరియల్ నంబర్ మిషన్ మీరు అమ్మారా అని అడుగుతానని మర్యాదగా చెప్పండి. గొంతు పెంచకండి. శనివారం సాయంత్రం జనం ఉన్నప్పుడు వెళ్తే మంచిది.

కదిరి కుర్రోడు
2 నవంబర్, రాత్రి 9:30

ల్యాప్‌టాప్ ఊరు చేరింది. చెల్లెలు ఇందాకే ఫోన్ చేసింది. అంత కష్టపడి చేశాం కదా, థాంక్స్ చెబుతుందనుకున్నా. ‘అన్నా, నా వాల్‌పేపర్ ఏదీ?’ అని అడిగింది. మా పాత పిల్లి ఫొటో అట, అది చచ్చిపోయి ఏడాదైంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అన్నీ కాపీ చేశా. అది మాత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉండేదట. డౌన్‌లోడ్స్‌లో అన్నీ ప్రోగ్రాములే ఉంటాయనుకుని నేను ముట్టుకోలేదు. అమ్మ వాట్సాప్‌లో పాత మెసేజ్‌లు వెతుకుతున్నారు.

పాత ఇనుము అన్నా, మీరు ఈసారి బెంగళూరు వస్తే బిర్యానీ నాది.

పాత ఇనుము
2 నవంబర్, రాత్రి 9:41

ఫార్మాట్ చేశాక అందరూ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ గురించే ఏడుస్తారు తమ్ముడూ. ఆ మాట చెప్పకపోవడం నా తప్పే. బిర్యానీకి ఎప్పుడైనా రెడీ, నేనుండేది బెంగళూరు బీటీఎంలోనే.

రాత్రి డ్యూటీ
3 నవంబర్, తెల్లవారుజాము 3:15

శనివారం వెళ్ళాను. మొదట నా మీదే అరిచాడు, నువ్వే ఏదో కెలికావని. ప్రింట్లు బల్ల మీద పెట్టి, కంపెనీకి మెయిల్ పెడతానన్నాను. లోపలికి వెళ్ళి పది నిమిషాలు ఎవరితోనో ఫోన్ మాట్లాడి వచ్చి, 1,000 ఎక్కువ ఇస్తే వేరేది మారుస్తానన్నాడు. ఇచ్చాను. ఈసారి నా ఫోన్ నెట్ తగిలించి, వాడి కౌంటర్ మీదే మొదటి నుంచి సెటప్ చేయించా. గంటన్నర నిలబడ్డా. నా వెనక ఉన్న ఇద్దరు కస్టమర్లు ఏం చూస్తున్నారని అడిగి, వాళ్ళవీ తెరిపించమన్నారు. షాపువాడు నా వైపు చూసిన చూపు ఇంకా కళ్ళ ముందే ఉంది.